కార్తీకంలో ఏటి మీద ఫ్లై ఫిషింగ్: నాగావళి, వంశధారల్లో ఒక రోజు వేట ఎలా చేయాలి

నాగావళిలో ట్రౌట్ లేదు. వంశధారలోనూ లేదు, చంపావతిలోనూ లేదు. ట్రౌట్ చన్నీటి చేప. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు, మేత మానేస్తుంది. అందుకే మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరి, మున్నార్ లాంటి చల్లటి కొండల్లోనే అది నిలదొక్కుకుంది. మన ఏరు పుష్యమాసంలో కూడా అంత చల్లబడదు. అయితే ట్రౌట్ కోసం పుట్టిన ఈ ఫ్లై ఫిషింగ్ పద్ధతి మన చేపల మీద కూడా పనిచేస్తుంది. అందులో ఎర బదులు ఫ్లై అనే, ఈకా దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుని కడతారు. దాన్ని సీసం గుండు బరువుతో కాకుండా లైన్ అనే లావు దారం బరువుతోనే దూరం పంపుతారు. పరిగెలు, తిలాపియా, కొరమేను, కొండ గెడ్డల్లో ఉండే చారల చేపలు, ఇవన్నీ పురుగుల్ని చూసి ఎగబడేవే.

పురుగుని చూసి తినాలంటే చేపకి అది కనబడాలి కదా. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఏరు ఎర్రనీళ్లతో ఉంటుంది, అప్పుడు ఎర్రలు గుచ్చి వాసనతో పట్టాల్సిందే. ఎండాకాలం నీరు తేటగానే ఉన్నా పాయలు చిక్కిపోయి చేప గుంటల్లో నక్కుతుంది, మనిషి నీడ పడితే చాలు బెదిరిపోతుంది. ఆశ్వయుజం చివర నుంచి మార్గశిరం దాకా మాత్రం నీరు తేరి ఉంటుంది, ఒరవడీ ఉంటుంది. వానాకాలంలో గుడ్లు పెట్టిన చేపలు ఒళ్లు కూడగట్టుకోడానికి తెగ మేస్తుంటాయి. ఒడ్డున వరి ఈనుతుంటుంది కాబట్టి మిడతలకి కొదవుండదు. ఈ రెండు నెలల్ని వదులుకోవద్దు.

రోజు ఎలా ఎంచుకోవాలి

మన దగ్గర వాన పడలేదని ఏటికి వెళ్లిపోకండి. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి వస్తుంది, వంశధార పుట్టుక కూడా ఒడిశాలోనే. అక్కడ రాత్రి కుంభవృష్టి కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. తోటపల్లి, గొట్టా బ్యారేజీల దగ్గర గేట్లు ఎత్తారంటే దిగువన ఉన్నవాళ్లు ఆ రోజు వేట మానుకోవాలి. పేపరు జిల్లా ఎడిషన్‌లో ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు వస్తుంటాయి. ముందు రోజుకీ ఈ రోజుకీ ఔట్‌ఫ్లో పెరిగిందా తగ్గిందా అన్నది చూడండి. తగ్గుతూ వస్తున్న మూడో రోజో నాలుగో రోజో మంచిది.

తుపాను మాట కూడా ఉంది. పైలిన్ 2013లో, హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో వచ్చాయి. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడితే రాడ్ అటక మీదే ఉంచండి. అది దాటిపోయాక ఏరు తేరడానికి వారం పైనే పడుతుంది.

ఏరు సిద్ధంగా ఉందో లేదో తేల్చుకోడానికి సాధనాలేవీ అక్కర్లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి కిందికి చూడండి. కాలిగోళ్లు కనబడితే వేటకి పనికొస్తుంది. పాదం ఆకారం మసకగా కనబడితే పెద్ద ఫ్లై, నల్లటిది కట్టుకుని ప్రయత్నించవచ్చు. పాదమే కనబడకపోతే ఇంటికెళ్లండి. ఒడ్డున రెల్లు తెల్లగా పూసి, దుబ్బుల మొదట్లో మేట వేసిన బురద ఎండి బీటలు తీస్తుంటే వరదలు ఒక దారికొచ్చినట్టే.

కార్తీక సోమవారాలు, పౌర్ణమి పొద్దున రేవుల దరిదాపులకి పోవద్దు. స్నానాలు చేసేవాళ్ల మధ్య గాలం తిప్పడం తప్పే కాదు, ప్రమాదం కూడా. శ్రీముఖలింగం, సంగాం లాంటి క్షేత్రాల దగ్గర నెలంతా జనం ఉంటారు. రేవు నుంచి కనీసం అర కిలోమీటరు దూరంగా చోటు వెతుక్కోండి.

సరంజామా

రాడ్, రీల్ కొనుక్కునేవాళ్లకి 9 అడుగుల 5-వెయిట్ రాడ్ చాలు. వెయిట్ అంటే ఆ రాడ్ విసిరే లైన్ బరువు నంబరు. పరిగె నుంచి కిలో, కిలోన్నర కొరమేను దాకా దాంతోనే నడుస్తుంది. 3-వెయిట్‌తో పరిగెలు ఆడించడం సరదాగానే ఉంటుంది గానీ సముద్రం గాలి లేచాక అది పనికిరాదు. లైన్ ముందు భాగం బరువుగా ఉండే తేలే రకం తీసుకోండి. పెట్టె మీద WF5F అని ఉంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. చన్నీటి ట్రౌట్ కోసం తయారైన లైన్ మన వేడికి మెత్తబడి, జిగురుగా రాడ్ రింగులకి అతుక్కుంటుంది. ఎంత విసిరినా ముందుకి జారదు. వేడి ప్రాంతాలకని రాసి ఉన్న లైనే కొనండి, కొంచెం ఖరీదెక్కువైనా సరే.

లైన్ చివర 9 అడుగుల లీడర్ అనే నైలాన్ దారం ఉండాలి. అది మొదట్లో లావుగా ఉండి కొసకి సన్నబడుతుంది. దాని కొసన రెండు అడుగుల టిప్పెట్, అంటే ఫ్లై కట్టే సన్న దారం. పరిగెలకి 0.15 మిల్లీమీటర్ల మందం, తిలాపియాకి 0.18 లేదా 0.20, కొరమేనుకి 0.40కి తగ్గొద్దు. కొరమేను పళ్లు, చుట్టూ ఉండే గుర్రపుడెక్క వేళ్లు, రెండూ కలిసి సన్న దారాన్ని బతకనివ్వవు. వాలుగ మరీను. పొందూరులో ఖాదీకి పత్తి దువ్వేది ఎండిన వాలుగ దవడతోనే. ఆ పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయో అక్కడ ఒకసారి చూస్తే సన్న టిప్పెట్ ఎందుకు తెగిందని మళ్లీ అడగరు.

రీలూ గీలూ వద్దనుకుంటే వెదురుతోనే చేసుకోవచ్చు, కొత్తవాళ్లకి అదే మేలు కూడా. మూడున్నర మీటర్ల సన్న వెదురు, కొస వేలితో నొక్కితే వంగేది, నీడలో నెల రోజులు నిలువుగా వేలాడదీసి ఎండబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. ఇక దారం. ఒంటి నైలాన్‌కి బరువుండదు, దాంతో ఫ్లై ముందుకి పోదు. అందుకే 0.20 నైలాన్‌ని పేనుకోవాలి. మొదటి 120 సెంటీమీటర్లు నాలుగు పోగులు, తర్వాత 120 మూడు పోగులు, తర్వాత మీటరు రెండు పోగులు, ఆఖరున మీటరు ఒంటి పోగు. ఒక్కో ముక్కని పేని రెండు చివర్లా ఉచ్చులు వేసి ఒకదానికొకటి తగిలించండి. మొత్తం పొడవు కర్రకంటే ఒక మీటరుకి మించి ఎక్కువ కాకూడదు. అంతకంటే పొడవైతే చేప చేతికందదు.

సంచీలో ఇంకా ఉండాల్సినవి: కొస సన్నగా ఉన్న పట్టకారు, గోళ్లు కత్తిరించే కట్టర్, ఎరుపు లేదా నారింజ రంగు ఉన్ని చిన్న ఉండ, వాజ్‌లైన్, టోపీ, కళ్లజోడు. కళ్లజోడు షోకుకి కాదు. గాలి అడ్డం తిరిగితే గాలం సూటిగా మొహం మీదికే వస్తుంది. నీటి మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ అద్దాలైతే చేప కూడా కనబడుతుంది.

ఫ్లైలు: నాలుగు రకాలు చాలు

గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. కట్టేముందే పట్టకారుతో ముల్లు మీది కొక్కేన్ని నొక్కేయండి. చేపని వదలడానికి మంచిది, మీ చెవికి గుచ్చుకున్నప్పుడు తియ్యడానికి ఇంకా మంచిది.

మొదటిది, ఈ కాలానికి అన్నిటికంటే పనికొచ్చేది, మిడత. దీన్ని ఇలా కట్టాలి. 10వ నంబరు పొడవు కాడ గాలం తీసుకోండి. బల్లకి బిగించిన వైస్ (గాలాన్ని పట్టి ఉంచే సాధనం) ఉంటే సరే, లేకపోతే లాక్ అయ్యే ప్లయర్‌కి గాలం వంపుని బిగించి ప్లయర్‌ని బల్లకి కట్టేయండి. సన్న పాలియెస్టర్ కుట్టుదారంతో కన్ను దగ్గర మొదలుపెట్టి వంపు దాకా దగ్గరదగ్గరగా చుట్టండి. హవాయి చెప్పు మందం ఫోమ్ వద్దు. క్రాఫ్ట్ షీట్లుగా దొరికే 2 మిల్లీమీటర్లది, ఆకుపచ్చదో గోధుమరంగుదో, 4 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా కోసి ఒక చివర వంపు దగ్గర కట్టండి. ఇప్పుడు గోగునార. మన జిల్లాల్లో దానికేం లోటు. రెండు పోగులు చిక్కు తీసి, వేళ్ల మధ్య దారానికి నలిపి చుట్టి, కాడ మీద పొట్టలా ముందుకి కట్టుకుంటూ రండి. పట్టీని పైనుంచి ముందుకి మడిచి, కాడలో ముప్పావు వంతు దూరంలో నాలుగు చుట్లతో బిగించండి. రెండు పక్కలా సన్న రబ్బరు ముక్కలు కాళ్లుగా పెట్టండి. నాటు కోడిపుంజు మెడ ఈక ఒకటి మూడు చుట్లు తిప్పి, నాలుగు ముళ్లు వేసి తెంపేయండి. ముడి మీద నెయిల్ పాలిష్ ఒక చుక్క.

ఇందులో కొత్తవాళ్లు చేసేది ఒకటే తప్పు: సామానంతా కన్ను మీదికి తెచ్చేస్తారు. తర్వాత ఏటి ఒడ్డున టిప్పెట్ దూర్చడానికి కన్నే కనబడదు. గాలం కన్ను వెనక 3 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి పని మొదలుపెట్టండి.

రెండోది నీటి అడుగు పురుగు. తూనీగ పిల్లలు, ఇతర నీటి పురుగుల పిల్లలు అడుగున రాళ్ల కింద ఉంటాయి. ఒక రాయి తిప్పి చూస్తే వాటి రంగు, సైజు మీకే తెలుస్తుంది, అలాగే కట్టండి. 14వ నంబరు గాలానికి 2.5 మిల్లీమీటర్ల ఇత్తడి పూస ఎక్కించి, గోగునార పొట్ట చుట్టి, పాత ఫ్యాన్ మోటారు వైండింగ్‌లోంచి తీసిన సన్న రాగి తీగని దాని మీద ఐదు చుట్లు ఎడంగా తిప్పితే అయిపోయినట్టే. ఈక అక్కర్లేదు.

మూడోది చీమ. 16వ నంబరు గాలం మీద నల్లదారంతో రెండు ఉబ్బులు, మధ్యలో ఈక ఒకటిన్నర చుట్టు. వాన పడి వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తే ఇదే ఫ్లై పని చేస్తుంది, రంగు గోధుమగా ఉంటే చాలు.

నాలుగోది కొరమేను కోసం. 2వ నంబరు గాలం, ఫోమ్‌తో కప్పలాంటి ముద్ద, వెనక మేక వెంట్రుకల తోక. వంపు దగ్గర్నుంచి కన్ను దాకా 0.45 నైలాన్ ఉచ్చు ఒకటి ముల్లుకి అడ్డంగా కట్టాలి. అది లేకపోతే ప్రతి విసురుకీ తూటికూర తీగే పడుతుంది, చేప కాదు.

చోటు

బ్యారేజీకి, ఆనకట్టకి ఆనుకుని వేటాడకండి. అక్కడ చేప ఉంటుంది, నిజమే. గేటు ఎత్తితే పరుగెత్తే వ్యవధి మాత్రం ఉండదు. నారాయణపురం ఆనకట్ట దిగువనైనా, గొట్టా దిగువనైనా నీరు పరచుకుని పాయలుగా విడిపోయే చోటికి దిగిపోండి. మడ్డువలస, తాటిపూడి లాంటి రిజర్వాయర్లలో చేపల హక్కు మత్స్యకారులది. సొసైటీ వాళ్లని, మత్స్యశాఖ వాళ్లని అడగకుండా అక్కడ గాలం వెయ్యొద్దు. ఏటి మీద కూడా ముందు జాలర్లని పలకరించండి. "అన్నా, వలలు ఎక్కడేసారు?" అంటే చూపిస్తారు, వాళ్ల వలకి వంద మీటర్ల ఇవతల ఉండండి. చేప ఏ పాయలో తిరుగుతోందో కూడా వాళ్లే చెబుతారు. ఆ ఒక్క మాట ఈ వ్యాసమంత విలువైనది.

వెళ్లగానే రాడ్ విప్పకండి. పావుగంట ఒడ్డున కూర్చుని నీటిని చూడండి. వడి నీరు, నెమ్మది నీరు ఒకదానికొకటి రాసుకుంటూ పోయే గీత ఒకటి కనబడుతుంది. దాని మీద నురుగు, ఆకులు వరసగా కొట్టుకొస్తుంటాయి. పురుగులు కూడా ఆ వరసలోనే వస్తాయి. చేప నెమ్మది వైపు నిలబడి, పక్కకి తల చాచి అందుకుంటుంది, వడిలో ఈదే కష్టం లేకుండా. అదే మీ మొదటి చోటు. రెండోది ఒడ్డు కోసుకుపోయి గడ్డి నీటి మీదికి వాలిన చోటు, ముఖ్యంగా ఆ గట్టు వెనక వరి ఉంటే. మూడోది పాయ మడుగులోకి దిగే తల. అక్కడ గులకరాళ్ల మీద పరిగెలు గుంపులుగా ఉంటాయి. వరద తగ్గాక ప్రధాన పాయనుంచి విడిపోయి నిలిచిపోయిన కుంటలుంటే అవి కొరమేను చోట్లు. కొరమేను గాలి పీల్చడానికి పైకి వస్తుంది. "గుబుక్" మని చిన్న చప్పుడు, ఒక బుడగ, మళ్లీ నిశ్శబ్దం. దాన్ని బట్టి ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి.

ఎర్రటి పిల్లల గుంపు ఒకటి నీటి మీద ఉండలా కదులుతూ కనబడితే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. ఆ కొరమేను ఏది విసిరినా కొరుకుతుంది, ఆకలితో కాదు. దాన్ని తీస్తే ఆ పిల్లలన్నీ గంటలో మిగతా చేపల పాలవుతాయి. ఆ గుంట వదిలేయండి.

నీళ్లలోకి దిగేముందు

నాగావళి, వంశధారల అడుగు ఇసుక. ఇసుక తవ్వేసిన చోట్ల గోతులు మనిషి లోతుంటాయి, పైకి నీరు చదునుగానే కనబడుతుంది. చేతిలో నాలుగు అడుగుల కర్రతో ముందు పొడిచి చూసి అడుగెయ్యండి. తేట నీటిలో రంగు ఒక్కసారిగా ముదిరిన చోటు గొయ్యే. కాలు కూరుకుపోతుంటే ఊబి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. తొడ దాటి దిగకండి, ఒక్కరే వెళ్లకండి, ఈత వచ్చినా సరే. రెల్లు దుబ్బుల్లోకి వెళ్లేముందు కర్రతో తట్టండి, రక్తపింజరలు తిరిగే కాలమిది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. లిఫ్ట్ ఇరిగేషన్ మోటార్ల దగ్గర, ఏరు దాటే లైన్ల కింద రాడ్ నిలువుగా పట్టుకుని నడవకండి. ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి దూరంగా పోండి.

విసరడం

ఇంటి దగ్గర కోసేసిన పొలంలోనో బడి మైదానంలోనో నేర్చుకుని రావాలి, ఏటి ఒడ్డున కాదు. గాలం లేకుండా కొసన ఉన్ని ముక్క కట్టి రోజుకి ఇరవై నిమిషాల చొప్పున వారం చేస్తే చాలు.

1. రాడ్ బయట 8 మీటర్ల లైన్ సూటిగా పరచండి. బొటనవేలు పిడి పైన ఉండాలి. రాడ్ కొస నేలని తాకేంత కిందికి దించండి.

2. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ రాడ్‌ని పైకి లేపి, నెత్తి మీద పన్నెండు, ముందు వైపు తొమ్మిది ఉన్న గడియారం అనుకుని, ఒంటిగంట దగ్గర ఠక్కున ఆపండి. ఆ ఆగడంలోనే బలం ఉంది.

3. ఆగండి. లైన్ వెనక్కి పోయి పూర్తిగా చాచుకోవాలి. తల తిప్పి చూడండి, తప్పేం లేదు.

4. అది చాచుకోగానే ముందుకి తెచ్చి పది దగ్గర మళ్లీ ఠక్కున ఆపండి. లైన్ విప్పుకుంటూ పోతుంటే రాడ్ కొసని దానితోపాటు దించండి.

వెనక కొరడా చప్పుడు వినబడిందంటే మూడో మెట్టు దగ్గర ఆగలేదన్నమాట. ఆ చప్పుడుతో చాలాసార్లు ఫ్లై కూడా తెగిపోతుంది. చాలామంది గంటసేపు ఉత్త దారమే విసురుతుంటారు, చేప ఎందుకు పడటంలేదా అని. వెనక లైన్ నేలకి తగులుతుంటే మణికట్టు విరుస్తున్నారు. చొక్కా చేతి అంచుకీ పిడి అడుగుకీ రబ్బరు బ్యాండు వేసుకోండి, మణికట్టు కట్టుబడుతుంది. ముందు లీడర్ ముద్దగా పడుతుంటే పది దగ్గర ఆపకుండా రాడ్‌ని నీటి దాకా తోసేస్తున్నారు. టిప్పెట్‌లో తనంతట తనే చిన్న ముడి పడితే వెంటనే ఆ ముక్క కోసి పారేయండి. ముడి ఉన్న దారం సగం బలమే మోస్తుంది.

వెదురు కర్రతో అయితే ఇదంతా ఇంకా చిన్న కదలిక. మోచేయి ఒంటికి ఆనించి, పన్నెండుకీ పదికీ మధ్య తిప్పితే సరిపోతుంది. దూరం పోదు గానీ గురి బాగా కుదురుతుంది.

ఫ్లై కట్టడానికి క్లించ్ ముడి చాలు. కన్నులోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు సార్లు తిప్పి, కొసని కన్ను పక్కనున్న ఉచ్చులోంచి తెచ్చి, ఉమ్మి తడి చేసి మెల్లగా బిగించండి. పొడిగా లాగితే నైలాన్ రాపిడికి వేడెక్కి బలహీనపడుతుంది. టిప్పెట్‌ని లీడర్‌కి కలపడానికి రెండిటినీ జానెడు దూరం పక్కపక్కన పెట్టి, కలిపి ఉచ్చు చేసి, రెండు కొసల్నీ మూడుసార్లు అందులోంచి తీసి, నాలుగు వైపులా ఒకేసారి లాగండి.

రోజు ఎలా నడపాలి

కార్తీకంలో ఇక్కడ ఆరుకి కాస్త ముందే పొద్దు పొడుస్తుంది, అయిదూ ఇరవై ప్రాంతంలో కుంకుతుంది. అయిదున్నరకల్లా ఒడ్డున ఉండండి. చీకట్లో నీళ్లలోకి దిగొద్దు. వెలుగొచ్చేలోపు ముళ్లు వేసుకుని టీ తాగండి.

ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నీటి అడుగు పురుగు. చలికి పురుగులింకా ఎగరవు, చేప అడుగునే మేస్తుంది. ఫ్లైకి పైన, నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉన్ని ముక్కకి వాజ్‌లైన్ రాసి లీడర్‌కి ముడివేయండి. అదే బెండు. ఒరవడికి ఎదురుగా, కాస్త అడ్డంగా ఎగువకి విసరండి. ఉన్ని నీటితోపాటే కొట్టుకురావాలి. నురుగు కంటే ముందుకి పరుగెడుతుంటే మధ్య వడి నీరు లైన్‌ని ఈడ్చుకుపోతోందన్నమాట. అప్పుడు రాడ్ కొసతో లైన్ నడుముని మెల్లగా లేపి ఎగువకి వెయ్యండి. ఈ ఒక్క పని సరిగా చెయ్యకపోతే రోజంతా చేప పడదు. నిజం పురుగు నీటికి అడ్డంగా ఈదుకుంటూ పోదని చేపకి తెలుసు. ఉన్ని ఆగినా, వంగినా, మునిగినా రాడ్ లేపండి. పరిగెకి మణికట్టు చాలు. చెయ్యంతా లేపితే చేప మీ వెనక ఇసుకలో పడుతుంది.

ఎండ ముదిరాక, తొమ్మిది నుంచి పదకొండు దాకా, మిడత. మంచు ఆరి మిడతలు ఎగరడం మొదలుపెడతాయి, గాలికి కొన్ని నీళ్లలో పడతాయి. గడ్డి వాలిన గట్టుకి జానెడు ఇవతల పడేలా వెయ్యండి. మిగతా ఫ్లైలు నెమ్మదిగా దించాలి గానీ దీన్ని టపీమని వేసినా పర్వాలేదు, నిజం మిడత అలాగే పడుతుంది. పడ్డాక రెండు సెకన్లు కదపొద్దు. ఆ తర్వాత కాళ్లు వణికేంత ఒక్కసారి లాగి వదలండి. నీరు పేలినట్టు లేస్తే తొందరపడకండి. చేప నోరు మూసుకుని కిందికి తిరిగేదాకా ఆగి అప్పుడు లేపాలి. తిలాపియా చాలాసార్లు మిడతని ముక్కుతో పొడిచి వదిలేస్తుంది. అలా రెండుసార్లు జరిగితే అక్కడే చిన్న అడుగు పురుగు వెయ్యండి, తీసుకుంటుంది.

పదకొండు నుంచి మూడు దాకా చెట్టు కింద పడుకోండి. మొండిగా కూర్చోవాలంటే కొరమేను గుంట దగ్గర కూర్చోండి, దానికి ఎండ లెక్కలేదు. కప్పని గుర్రపుడెక్క అంచు మీద వేసి, నీళ్లలోకి జార్చి, ఆగి, మళ్లీ జార్చండి. కొరమేను కొట్టినప్పుడు రాడ్ లేపకూడదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, రాడ్‌ని నీటి వైపే ఉంచి ఎడమ చేత్తో లైన్‌ని గట్టిగా లాగండి. రాడ్ లేపితే ముల్లు దాని గట్టి దవడలో దిగదు, ఫ్లై గాల్లోకి లేచి మీ మొహం మీదికి వస్తుంది. దొరికిన తర్వాత దారం ఇవ్వకండి, మొక్కల్లోకి తల దూర్చిందంటే బయటికి రాదు.

మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. శ్రీకాకుళం, కళింగపట్నం వైపు అది ఎక్కువ. హిరమండలం, పాలకొండ వైపు అంత ఉండదు. గాలికి ఎదురు విసరాల్సి వస్తే లైన్ తక్కువ వదిలి, ముందు విసురుని కిందికి గురిపెట్టండి. గాలి మీ విసిరే చెయ్యి వైపు నుంచి వస్తుంటే అవతలి ఒడ్డుకి మారండి. అదే తెలివైన పని.

మూడున్నర తర్వాత, ముఖ్యంగా పొద్దు కుంకడానికి ముందు ముప్పావుగంట, పరిగెలు పైకి లేస్తాయి. నీటి మీద చిన్న చిన్న ఉంగరాలు కనబడతాయి. ఉన్ని తీసేసి చీమ కట్టండి. ఉంగరం మీద వెయ్యకండి, దానికి మీటరు ఎగువన వెయ్యండి. చేప నిలబడ్డ చోటు ఉంగరానికి ఎగువనే, తింటూ కిందికి జారుతుంది. చీమ కనబడదు కాబట్టి అది ఉండాల్సిన చోట ఏ ఉంగరం లేచినా రాడ్ లేపండి.

చేప చేతికి వచ్చాక

కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు వండరు, కాబట్టి వదిలేయడానికి ఈ నెలంత మంచి నెల లేదు. చెయ్యి తడుపుకుని పట్టుకోండి. పొడి చెయ్యి చేప ఒంటి మీది జిగురు పొరని తుడిచేస్తుంది, అక్కడ బూజు పడుతుంది. నీళ్లలోనే ఉంచి పట్టకారుతో గాలాన్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పండి. గొంతులో దిగిపోతే దారం కోసి వదలండి, పీకొద్దు. వదిలేటప్పుడు తల ఎగువకి పెట్టి, అది తనంతట తను తోక కొట్టేదాకా చేత్తో ఆసరాగా పట్టుకోండి.

అడుగు పురుగుకి అప్పుడప్పుడు జెల్ల పడుతుంది. దాని వీపు ముల్లు, రెండు పక్క ముళ్లు రంపంలా ఉంటాయి. వాటి వెనక నుంచి, ముళ్లు వేళ్ల మధ్యకి వచ్చేలా పట్టాలి. గుచ్చుకుంటే, ఇంగిలాయి అనే ముళ్ల చేప పొడిచినా సరే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట పైన ఉంచితే పోటు తగ్గుతుంది. చెయ్యి వాస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంటికి తెచ్చుకునే ఉద్దేశం ఉంటే తిలాపియా తెచ్చుకోండి. అది మన ఏటిది కాదు, ఎంత తీసినా నష్టం లేదు. పట్టగానే మొప్ప కోసి నెత్తురు వదిలించి తడిగుడ్డలో చుట్టాలి. ఎండలో సంచీలో పడేస్తే సాయంత్రానికి పనికిరాదు.

ఇంటికొచ్చాక

తెగిన దారం ముక్కలు ఒక్కటి కూడా ఒడ్డున వదలకండి. కొంగల కాళ్లకి, పశువుల గిట్టలకి చుట్టుకుంటాయి. తెచ్చి కాల్చకుండా, చిన్న ముక్కలుగా కోసి చెత్తలో వెయ్యండి. లైన్‌ని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, రీల్ మీద గట్టిగా కాకుండా వదులుగా చుట్టండి. ఇసుక రేణువు ఒకటి మిగిలినా రాడ్ రింగుల్ని కోస్తుంది. కళింగపట్నం మొగ దగ్గర వేటాడితే ఉప్పునీరు తగిలిన రీల్, గాలాలు మంచినీళ్లతో కడగాలి. ఫ్లైలని డబ్బాలో పెట్టేముందు రాత్రంతా పళ్లెంలో ఆరబెట్టండి. తడిగా మూస్తే మర్నాటికి గాలం తుప్పు పడుతుంది, వారంలో ఈక మీద బూజు. తుప్పు మచ్చ కనబడ్డ గాలాన్ని మళ్లీ కట్టకండి, పెద్ద చేప పడ్డప్పుడు విరిగేది అదే.